నల్లమలలో కెమెరా ట్రాప్ అమర్చడం: ఖాళీ ఫొటోలు రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

నల్లమల అడవిలో ఒక సాసర్ పిట్ (జంతువుల కోసం నేలలో పళ్లెంలా కట్టిన నీటి తొట్టి) దగ్గర నేను మొదటిసారి స్వయంగా అమర్చిన, జంతువు ఎదుటికి రాగానే దానంతట అదే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌ను విప్పడానికి పన్నెండో రోజున వెళ్లినప్పుడు, దాని ఎదుట తడి మట్టిలో పెద్దపులి అడుగులు తాజాగా కనిపించాయి. కెమెరా మాత్రం రెండో రోజు సాయంత్రానికే ఆగిపోయి ఉంది. మెమరీ కార్డు నిండా ఉన్నవి పడమటి ఎండలో ఊగుతున్న బోదగడ్డి ఫొటోలే. అమర్చిన రోజున మాతో వచ్చిన చెంచు ట్రాకర్ ఆ చోటు చూసి, "పొద్దెక్కినంక ఈడ నీడుండదు సారూ" అని ఒక్క మాట అన్నాడు. ఆయన మాట నాకు వినపడింది గాని, కెమెరాకూ నీడకూ ఉన్న సంబంధం ఆనాడు నాకు తెలియదు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఆ సంబంధం గురించే.

జంతువు లేకుండానే కెమెరా పనిచేసి తీసిన ఫొటోను క్షేత్రంలో అందరూ ఖాళీ ఫొటో అంటారు. పది ఖాళీ ఫొటోలు వస్తే ఎవరికీ నష్టం లేదు. వేలల్లో వచ్చినప్పుడు బ్యాటరీలు అయిపోతాయి, కార్డు నిండిపోతుంది, ఆ తరువాత వచ్చిన జంతువు నమోదు కాకుండా పోతుంది. కార్డు నిండకపోయినా, ఆ ఫొటోలన్నీ ఎవరో ఒకరు కూర్చుని చూడవలసి ఉంటుంది. 2022 అఖిల భారత పులుల గణనలో 32,588 చోట్ల కెమెరాలు పెడితే 4 కోట్ల 70 లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి. వాటిలో పులి ఫొటోలు 97,399. అంత రాశిలో అవసరమైనవి వెతికే పనిని ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములు చాలావరకు తేలిక చేస్తున్నాయి గాని, నిండిపోయిన కార్డులో ఎక్కని పులిని ఏ ప్రోగ్రామూ వెతికి తేలేదు.

పనిలోకి దిగే ముందు అనుమతి సంగతి చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నేరం కాబట్టి, అమెరికాలో వేటగాళ్లు సీజనుకు ముందు జింకల జాడ తెలుసుకోవడానికి కెమెరాలు కట్టే పద్ధతి ఇక్కడ వర్తించదు. ఆంధ్రప్రదేశ్ వైపున్న నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులోనైనా, తెలంగాణ వైపున్న అమ్రాబాద్ టైగర్ రిజర్వులోనైనా అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టడానికే వీలులేదు, కెమెరా కట్టడం తరువాతి మాట. అందువల్ల ఇందులో చెప్పేవి బీట్ సిబ్బందికి, ట్రాకర్లకు, అనుమతితో సర్వేలో పాల్గొనే విద్యార్థులకు, స్వచ్ఛంద కార్యకర్తలకు ఉపయోగపడతాయి. అడవి అంచున సొంత చేనులో ఏ జంతువు పడి మేస్తున్నదో తెలుసుకోదలచిన రైతుకు కూడా ఇవే సూత్రాలు పనికివస్తాయి.

సెన్సర్ దేనిని చూస్తుంది

కెమెరా ముందు భాగంలో, లెన్సుకు కింద, పాలరంగు ప్లాస్టిక్ తెరలా కనిపించేది పిఐఆర్ (పాసివ్ ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్ కిటికీ. దాని వెనకనున్న సెన్సర్‌కు ఆకారం తెలియదు, రంగు తెలియదు. ప్రతి వస్తువు నుంచీ దాని వేడిని బట్టి వెలువడే పరారుణ కిరణాలను మాత్రమే అది గ్రహిస్తుంది. ఆ ప్లాస్టిక్ తెర ఎదుటి దృశ్యాన్ని పక్కపక్కనే ఉన్న పట్టీలుగా విడగొడుతుంది. చుట్టుపక్కల కంటే వేడిగా గాని, చల్లగా గాని ఉన్న వస్తువు ఒక పట్టీ నుంచి మరో పట్టీలోకి జరిగినప్పుడు సెన్సర్‌లో విద్యుత్ సంకేతం పుడుతుంది, కెమెరా పనిచేస్తుంది. అంటే రెండు సంగతులు ఒకేసారి జరగాలి: వేడిలో తేడా ఉండాలి, ఆ తేడా కదలాలి.

ఈ రెండు షరతులను ఒక దుప్పి తీర్చినట్టే, ఎండకు కాగి గాలికి ఊగే టేకు ఆకు కూడా తీరుస్తుంది. నీడలో ఊగే ఆకు వల్ల సాధారణంగా ఇబ్బంది రాదు, ఎందుకంటే దాని వేడి చుట్టూ ఉన్న గాలి వేడికి సమానంగానే ఉంటుంది. గాలి లేని వేళ ఎండలో కదలకుండా ఉన్న ఆకు వల్ల కూడా ఇబ్బంది లేదు. ఎండ, గాలి కలిసిన చోటనే ఖాళీ ఫొటోలు పుడతాయి. కాబట్టి కెమెరా ముందున్న ప్రతి కొమ్మనూ నరకాలని చూడకుండా, ఏ కొమ్మ మీద ఏ వేళలో ఎండ పడుతుందో చూడటం మంచి పని.

వేసవిలో మరో చిక్కు ఉంది. గాలి వేడి 40 డిగ్రీలకు చేరినప్పుడు జంతువు ఒంటి పైభాగపు వేడికీ పరిసరాల వేడికీ తేడా దాదాపు ఉండదు. అప్పుడు ఎదురుగా నడిచి వెళ్లిన కణితిని కూడా సెన్సర్ గుర్తించలేకపోవచ్చు. ఇది గమనించినవారు సెన్సర్ సున్నితత్వాన్ని పూర్తిగా పెంచేస్తారు. దానితో అసలు జంతువు సరిగా దొరకకపోగా, ఎండకు కాగిన బండ ముందు ఊగే ప్రతి పుల్లా ఒక ఫొటో అవుతుంది. కొన్ని కెమెరాలలో వాతావరణపు వేడిని బట్టి సున్నితత్వం దానంతట అదే మారే ఏర్పాటు ఉంటుంది. ఉంటే దానినే వాడాలి. లేకపోతే మధ్యస్థంగా ఉంచి, మిగిలిన పనిని స్థలం ఎంపికతో సాధించాలి. సున్నితత్వాన్ని తగ్గించడం నా ఉద్దేశంలో చివరి మార్గం, ఎందుకంటే దానితో ఖాళీ ఫొటోలతోపాటు కుందేలు, పునుగు పిల్లి, ఏదుపంది వంటి చిన్న ప్రాణులు కూడా తగ్గిపోతాయి.

నేటి నీడ, వచ్చే నెల నీడ

నల్లమల ఆకు రాల్చే అడవి. కెమెరా అమర్చేవారు ఎక్కువగా మరిచిపోయేది ఈ విషయాన్నే. జనవరిలో నల్లమద్ది, చిరుమాను, టేకు చెట్ల కింద చక్కటి నీడ చూసి కెమెరా కడతాము. మార్చి వచ్చేసరికి ఆ చెట్లు మోడువారి, అదే నేల మీద పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఎండ కాస్తుంది. కెమెరా కదలలేదు, సెట్టింగులు మారలేదు, అయినా ఖాళీ ఫొటోలు మొదలవుతాయి. అందుకని ఒక చోట నిలబడి తల పైకెత్తి, నీడనిస్తున్న చెట్టు ఏది, కెమెరా అక్కడ ఉండబోయే రోజుల్లో దానికి ఆకు ఉంటుందా అని చూసుకోవాలి. వాగుల వెంట ఉండే నేరేడు వంటి చెట్ల నీడ ఎండాకాలంలోనూ నిలుస్తుంది. అలాంటివి లేని చోట ఆకుల నీడను నమ్ముకోకుండా, వాగు గట్టు, పెద్ద బండ, లోయ వాలు ఇచ్చే నీడను ఆసరా చేసుకోవడం మేలు, ఎందుకంటే అవి ఆకు రాల్చవు.

దీనికి ఎదురు సమస్య వానల తరువాత వస్తుంది. అక్టోబరులో మోకాలి ఎత్తున్న గడ్డి మరికొన్ని రోజులకే నడుము దాకా ఎదగవచ్చు. వానాకాలం చివర్లో అమర్చే కెమెరా ముందు ఈ రోజు ఉన్న గడ్డిని కాక, మళ్లీ వచ్చే రోజుకు ఉండబోయే గడ్డిని ఊహించి చోటు ఎంచుకోవాలి. లేదా వారానికి ఒకసారి వచ్చి చూసే ఏర్పాటు ఉండాలి.

ఇక దిక్కు. కెమెరా తూర్పుకు గాని పడమరకు గాని తిరిగి ఉండకూడదన్నది అందరికీ తెలిసినదే. పొద్దు పొడిచే వేళ, కుంగే వేళ సూర్యుడు నేరుగా సెన్సర్ ఎదుటికి రావడం వల్ల ఫొటోలు వరసగా పడటమే కాక, ఆ వేళల్లోనే తిరిగే జంతువులు తెల్లటి వెలుగులో కనిపించకుండా పోతాయి. కెమెరాను ఉత్తరానికి తిప్పితే చాలు అని విదేశీ మార్గదర్శకాలు చెబుతాయి. అది మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణంగానే ఉండే, ఉత్తర అక్షాంశాలలో చాలా పైనున్న దేశాల మాట. నల్లమల సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. జూన్‌లో పొద్దు పొడవడం కూడా తూర్పుకు దాదాపు 24 డిగ్రీలు ఉత్తరంగా జరుగుతుంది. కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకా చేసే సర్వేలకు ఉత్తరముఖం నిస్సందేహంగా మంచిది. నడివేసవిలో మాత్రం ఈశాన్యానికి, వాయవ్యానికి ఏమాత్రం ఒరగకుండా నేరుగా ఉత్తరానికి తిప్పాలి, లేదా వెనక నీడనిచ్చే గట్టు ఉంటే దక్షిణానికి తిప్పినా తప్పులేదు. దిక్కును అంచనాతో కాక దిక్సూచితో చూడాలి. చేతిలో ఉన్న ఫోనులోని దిక్సూచి ఈ పనికి సరిపోతుంది.

బాట తూర్పు పడమరలుగా సాగితే పక్కనుంచి ఉత్తరముఖంగా కట్టడం తేలిక. బాట ఉత్తర దక్షిణాలుగా ఉన్నప్పుడే కష్టం. అలాంటప్పుడు అదే బాట మీద ముందుకో వెనక్కో వంద మీటర్లు నడిచి, బాట వంపు తిరిగే చోటు చూసుకోవడం మంచిది. బాట వంపులో జంతువు వేగం కూడా కొంత తగ్గుతుంది.

వెనక ఏముందో చూడండి

బాట మీద జంతువు నడిచే చోటు కెమెరాకు మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉంటుంది. కాని సెన్సర్ చూపు అక్కడ ఆగదు. అది ఇరవై మీటర్ల దాకా పోయి, బాటకు అవతల ఎండలో మెరుస్తున్న పొదను కూడా పసిగట్టగలదు. చాలామంది బాటకూ కెమెరాకూ మధ్యనున్న గడ్డినే శుభ్రం చేసి, ఆ అవతలి పొద సంగతి వదిలేస్తారు. కెమెరా వెనక నిలబడి, మోకాళ్ల మీద వంగి, లెన్సు ఎత్తులో కళ్లు పెట్టి చూస్తే అది చూసేదంతా మనకూ కనిపిస్తుంది. బాట వెనక, అంటే అవతల, దగ్గరలోనే మట్టి గట్టో, లావాటి చెట్టు బోదెలో ఉన్న చోటు అన్నిటికన్నా మంచిది. విశాలమైన మైదానం, ఆకాశం, ఎండ పడే పెద్ద బండ, వెదురు పొద వెనక ఉండకూడదు. వెదురు విషయంలో నేను రాజీ పడను. చిన్న గాలికే దాని కాడలు ఒకదాని మీద ఒకటి ఊగుతూ ఉంటాయి, ఎంత కట్టినా ఆగవు.

సెన్సర్ చూపును దగ్గరలోనే నేలకు దింపడం మరో ఉపాయం. పులుల సర్వేలో కెమెరాను నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున కడతాము. కెమెరా పై అంచుకూ చెట్టుకూ మధ్య ఒక పుల్లను చొప్పించి కెమెరాను కొద్దిగా ముందుకు వంచాలి. పదిహేను సెంటీమీటర్ల పొడవున్న కెమెరాకు ఎనిమిది మిల్లీమీటర్ల పుల్ల, అంటే పెన్సిలు కన్నా కాస్త లావైనది, పెడితే దాని చూపు మధ్యగీత సుమారు ఎనిమిది మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అంతకు మించి వంచితే కణితి తల ఫొటోలో పడదు. నేల వాలుగా ఉంటే ఈ లెక్క మారుతుంది. అప్పుడు పుల్ల మందాన్ని, కింద చెప్పబోయే నడిచి చూసే పరీక్షతోనే నిర్ణయించాలి.

గడ్డిని తొలగించడంలో మితం పాటించాలి. కెమెరా నుంచి బాట అవతలి అంచు దాకా విసనకర్ర ఆకారంలో గడ్డిని మొదలంటా కోయాలి, లేదా తొక్కి పడుకోబెట్టాలి. సగం కోసిన గడ్డి కొన్నాళ్లకు గట్టిపడి, కొనలతో ఊగుతూ మరింత ఇబ్బంది పెడుతుంది. కొమ్మలను నరకడం కంటే వెనక్కి లాగి నారతో కట్టడం మంచిది. రిజర్వులో మొక్కలు నరికే స్వేచ్ఛ మనకు లేదు, ఉండకూడదు కూడా. పైగా అకస్మాత్తుగా బోసిపోయిన చోటు చూసి జంతువులు కొన్నాళ్లు పక్కదారి పట్టడం నేను చూశాను. పదిహేను నిమిషాల్లో శుభ్రం కాని చోటు కెమెరాకు తగిన చోటు కాదని భావించి ముందుకు సాగడం ఉత్తమం.

కట్టే చెట్టు, కట్టే పద్ధతి

చెట్టు ఊగితే కెమెరా ఊగుతుంది. కెమెరా ఊగితే ఎదుటనున్న నేల, బండ, బాట అన్నీ సెన్సర్ దృష్టిలో కదిలినట్టే లెక్క. కాబట్టి కట్టే బోదె కనీసం మనిషి తొడ లావున ఉండాలి. తగిన చెట్టు లేకపోతే బలమైన గుంజను అర మీటరు లోతున పాతి, చుట్టూ రాళ్లు కూరి, దానికి కట్టడం మేలు. పుట్టమట్టి పాకిన బోదెను, చీమల బారులున్న బోదెను వదిలేయాలి. చీమలు సెన్సర్ కిటికీ మీద పాకినా, చెదలు లెన్సును మట్టితో కప్పినా మన శ్రమ వ్యర్థమే. రాత్రివేళ లెన్సు ముందు సాలీడు గూడు అల్లితే ఫ్లాష్ వెలుగు ఆ దారాల మీద పడి ఫొటో అంతా తెల్లబడుతుంది. ప్రతి రాకలోనూ మెత్తటి గుడ్డతో తుడిచి, చుట్టూ ఉన్న గూళ్లను పుల్లతో తీసివేయాలి.

చిన్నదైనా చెప్పక తప్పనిది ఒకటుంది: కెమెరాను చెట్టుకు కట్టే పట్టీ బిగించాక మిగిలిన కొస. అది గాలికి రెపరెపలాడుతూ కెమెరా ముందుకు వస్తే రోజంతా ఫొటోలు పడుతూనే ఉంటాయి. ఆ కొసను పట్టీలోకే మడిచి దోపాలి. ఎలుగుబంటి కొరికినా, కొండముచ్చు లాగినా కెమెరా పక్కకు తిరిగి ఆకాశాన్నో, పొదనో చూస్తుంది. అందువల్ల పట్టీతోపాటు ఇనుప తీగతో మరో కట్టు వేయడం మంచిది.

జంతువు సెన్సర్‌కు అడ్డంగా నడిస్తే దాని చూపులోని పట్టీలను వెంటవెంటనే దాటుతుంది కనుక త్వరగా దొరుకుతుంది. నేరుగా ఎదురుగా వస్తే ఆలస్యంగా దొరుకుతుంది. పులిని చారలతో గుర్తించాలి కాబట్టి, రెండు పక్కల చారలూ వేరువేరు కాబట్టి, బాటకు ఇరువైపులా రెండు కెమెరాలు అడ్డంగా కడతారు. ఆ రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటే ఒకదాని ఫ్లాష్ మరొకదాని ఫొటోను పాడుచేస్తుంది. ఒకటిని అర మీటరు, మీటరు పక్కకు జరిపితే చాలు. జంటలో ఒకటి ఉత్తరానికి చూస్తే రెండోది దక్షిణానికి చూడక తప్పదు. ఆ రెండోదాని ఎదుట కనిపించే నేపథ్యం మీదనే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. చారలతో పనిలేని చోట, అంటే చేను గట్టున అడవిపందులు ఏ వేళకు వస్తున్నాయో తెలుసుకోవడానికే అయితే, ఒకే కెమెరాను దారికి 45 డిగ్రీల ఏటవాలుగా కడితే జంతువు ఎక్కువసేపు ఫొటోలో ఉంటుంది.

సెట్టింగులు, ఒక చిన్న లెక్క

ఒక ట్రిగ్గర్‌కు మూడు ఫొటోలు, మధ్యలో విరామం లేదు అనుకుందాము; సెన్సర్ కెమెరాను ఒకసారి పనిచేయించడమే ట్రిగ్గర్. ఎండ, గాలి కలిసిన రోజున పది సెకన్లకు ఒక ఖాళీ ట్రిగ్గర్ చొప్పున ఐదు గంటలు నడిస్తే 1,800 ట్రిగ్గర్లు, 5,400 ఫొటోలు. ఫొటో ఒక్కోటి 3 ఎంబీ అయితే 32 జీబీ కార్డు రెండు రోజుల్లో నిండుతుంది. నా మొదటి కెమెరాకు జరిగింది సరిగ్గా ఇదే. చేను దగ్గర గాని, నీటి గుంట దగ్గర ఏయే జంతువులు వస్తున్నాయో చూడటానికి గాని ట్రిగ్గర్ల మధ్య ముప్ఫై సెకన్ల నుంచి ఒక నిమిషం విరామం పెడితే నష్టమేమీ ఉండదు. పులుల సర్వేలో మాత్రం విరామం పెంచకూడదు, ఎందుకంటే తల్లి వెనకనే వచ్చే పిల్లలు ఆ విరామంలో దాటిపోతాయి. అక్కడ స్థలం ఎంపిక తప్ప మరో రక్షణ లేదు. అవసరం లేకుండా వీడియో పెట్టవద్దు. ఒక ఖాళీ వీడియో తినే బ్యాటరీతో ఎన్నో ఫొటోలు వస్తాయి.

అమర్చడం పూర్తయ్యాక పరీక్షించకుండా వెళ్లకూడదు. చాలా కెమెరాలలో సెన్సర్ పసిగట్టినప్పుడు ఎర్ర దీపం వెలిగే పరీక్ష మోడ్ ఉంటుంది. ఒకరు బాట మీద చేతులు, మోకాళ్లు ఆన్చి జంతువులా నడవాలి; నిలబడి నడిస్తే మనిషి ఎత్తు వల్ల ఫలితం తప్పుగా వస్తుంది. బాట ఈ అంచున, మధ్యన, ఆ అంచున మూడుసార్లు నడిచి, దీపం ఎక్కడ వెలిగిందో గుర్తుపెట్టుకోవాలి. ఆ తరువాత చేయవలసిన పనిని చాలామంది చేయరు: అందరూ కెమెరా వెనక్కి వెళ్లి, కదలకుండా ఐదు నిమిషాలు నిలబడి దీపాన్ని గమనించాలి. ఎవరూ ఎదుట లేనప్పుడు అది వెలిగితే, ఆ క్షణంలో ఏది కదిలిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఈ పరీక్షను వీలైతే ఎండ ముదిరాక, గాలి ఉన్న వేళ చేయాలి. పొద్దున ఏడు గంటలకు నిశ్చలంగా ఉన్న అడవిలో ప్రతి చోటూ మంచిచోటుగానే కనిపిస్తుంది.

నీటి దగ్గర, జనం నడిచే చోట

సాసర్ పిట్, కుంట, చెలమ వంటి చోట్ల అలల మీద మెరిసే ఎండ, చుట్టూ వాలే నెమళ్లు, కొండముచ్చుల గుంపులు కలిసి కార్డును నింపుతాయి. కెమెరాను నీటి వైపు తిప్పకుండా, నీటికి పదిహేను ఇరవై మీటర్ల ఇవతల జంతువుల కాలిబాటలు కలిసే చోట కట్టాలి. కొన్ని ఫొటోలు తగ్గుతాయి, కాని వచ్చిన వాటిలో జంతువులు స్పష్టంగా ఉంటాయి.

చెంచు పెంటలకు, అంటే వాళ్ల గూడేలకు, దగ్గరి బాటల మీద పశువులు, కట్టెల కోసం వెళ్లే ఆడవాళ్లు, తేనె కోసం వెళ్లే మనుషులు నడుస్తారు. అవి ఖాళీ ఫొటోలు కావు గాని, మనకు అక్కరలేని ఫొటోలు. ఆ మనుషులకైతే అవి ఇబ్బంది కూడా. కెమెరా సంగతి ముందుగా పెంటలో చెప్పి, స్నానపు రేవులకు, ఇళ్లకు దూరంగా కట్టి, మనుషుల ఫొటోలను ఎవరికీ పంచకుండా తొలగించడం కనీస మర్యాద. శివరాత్రికి, ఉగాదికి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచే భక్తుల దారిలోనూ, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర దారిలోనూ ఉన్న కెమెరాలను ఆ రోజులకు ముందే విప్పేయాలి. వేల మంది నడిచే బాట మీద కార్డు నిండటానికి ఒక్క పూట చాలు.

ఖాళీ ఫొటోలను చదవడం

తిరిగి వచ్చాక ఖాళీ ఫొటోలను చెరిపేసే ముందు అవి ఏ గంటలో ఎన్ని పడ్డాయో లెక్కవేయాలి. ఆ పట్టిక కారణాన్ని చెబుతుంది. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా పోగుపడితే ఎండలో ఊగే ఆకో గడ్డో కారణం. పొద్దు పొడిచిన తరువాత అరగంటలోనే అన్నీ ఉంటే కెమెరా తూర్పుకు ఒరిగింది. రాత్రివేళ తెల్లటి మరకలతో వస్తే సాలీడు గూడో, పురుగులో, లెన్సు మీది తేమో. పగలూ రాత్రీ తేడా లేకుండా వస్తే ఊగే చెట్టునో, తిరిగిపోయిన కెమెరానో, పాడైన సెన్సర్‌నో అనుమానించాలి. అదే కెమెరాను ఇంట్లో గోడ ముందు ఒక రాత్రి ఉంచితే సెన్సర్ సంగతి తేలిపోతుంది.

అన్ని ఖాళీ ఫొటోలూ నిజంగా ఖాళీవి కావు. మూడు ఫొటోల వరసలో మొదటిదాని అంచున తోక కొస గాని, కాలి గిట్ట గాని కనిపిస్తే, జంతువు వచ్చింది, కెమెరా ఆలస్యమైంది. అది తప్పుడు ట్రిగ్గర్ కాదు, కోణం మార్చవలసిన సూచన. కొన్ని కెమెరాలలో సెన్సర్ చూపు లెన్సు చూపు కంటే వెడల్పుగా ఉండి, ఫొటో చట్రం బయట నిలబడి మేస్తున్న దుప్పి కూడా వరసగా ఖాళీ ఫొటోలు తీయిస్తుంది. అలాంటి అనుమానం వస్తే నేల మీద డెక్కల గుర్తులు, పెంటికలు చూస్తే నిజం తెలుస్తుంది. ఈ పనిలో చెంచు ట్రాకర్ల కన్ను ముందు మన కంప్యూటరు పనికిరాదు.

ఈ గంటల పట్టిక అంతా కెమెరా గడియారం మీద ఆధారపడి ఉంది. పాత బ్యాటరీలు తీసి కొత్తవి వేసినప్పుడు కొన్ని కెమెరాలలో తేదీ మొదటికి పోతుంది. కాబట్టి అమర్చిన వెంటనే ఒకసారి, విప్పే ముందు మరోసారి, చోటు పేరు, కెమెరా సంఖ్య, తేదీ, సమయం రాసిన పలకను లెన్సు ముందు పట్టుకుని ఫొటో తీయించాలి. పలక మీది సమయానికీ ఫొటో మీది సమయానికీ తేడా ఉంటే అక్కడే నోటు పుస్తకంలో రాసుకుని, ఆ తరువాతే స్విచ్ ఆపాలి.